గుడ్డకు దారి, కుట్టువానికి దడి

వస్త్రవిద్య నభ్యసించి పట్టము చేతబట్టిన మన యువతీయువకుల నోట నేడొక్క మాటయే వినవచ్చుచున్నది: "స్పాన్సరు దొరకవలెను." లండనులో గాని, మిలానులో గాని, న్యూయార్కులో గాని ఒక దుస్తుల కంపెనీవారు పత్రము పంపినచో వీసా వచ్చునట; వీసా వచ్చినచో జన్మము తరించునట. స్పాన్సరు అను మాటకు తెలుగున పోషకుడనవలెనా, పూచీదారుడనవలెనా యని తోచకున్నది. వ్యవహారమును చూచి పేరు పెట్టవలసినచో యజమాని యనుటయే న్యాయము.

విదేశములకు పోవుట తప్పని మేమనము. సముద్రయానము దోషమను కాలము గతించి చాలకాలమైనది. పనివాడు పని యున్న చోటికి పోవును. మా తగవు ప్రయాణముతో గాదు, ప్రయాణికుని మెడకు కట్టెడి త్రాటితో.

ఇంగ్లండు సంగతి చూడుడు. అచ్చట నైపుణ్యము గల పనివారి వీసా కావలెనన్న, ప్రభుత్వము నొద్ద లైసెన్సు పొందిన యజమాని యొక పత్రము నీయవలెను. 2024 ఏప్రిలులో ఆ వీసాకు సాధారణముగా కావలసిన కనీస వార్షిక వేతనమును 26,200 పౌనుల నుండి 38,700 పౌనులకు పెంచిరి. 2025 జూలై 22వ తేదిన దానిని 41,700 పౌనులు చేసిరి. క్రొత్తగా వృత్తిలో ప్రవేశించువారికి కొంత తగ్గింపు కలదు, నిజమే. కాని అదే దినమున, పట్టపరీక్ష స్థాయికి తక్కువయని తాము తలచిన వృత్తులలో, కొద్ది మినహాయింపులు తప్ప, క్రొత్తవారికి తలుపు మూసివేసిరి. ముప్పదియేండ్లు కత్తెర పట్టినవాడు, మనిషిని చూచినంతనే కొలత చెప్పగలవాడు, పట్టభద్రుడు కాడు గనుక నైపుణ్యము లేనివాడయ్యెను!

సరిగా రెండు దినములకు, జూలై 24వ తేదిన, అదే దేశమున భారతదేశమునకును బ్రిటనునకును వాణిజ్యపు ఒప్పందముపై సంతకములు పడినవి. మన వస్త్రములపై వారు విధించు సుంకమును తొలగించుట కందులో అంగీకరించిరి. సంతోషమే, తిరుప్పూరు మరలకు మేలే. ఆ ఒప్పందముననే యోగాచార్యులకును, వంటవారికిని, సంగీతవిద్వాంసులకును కలిపి యేటికి 1,800 మందికి ప్రవేశము కల్పించిరి. మన వంటయు, మన పాటయు, మన ప్రాణాయామమును దొరలకు రుచించినవి. మన చొక్కాయు రుచించినది. చొక్కా కుట్టినవాని పేరు మాత్రము ఆ జాబితాలో లేదు. గుడ్డ సముద్రము దాటవచ్చును. కుట్టువాడు దాటవలెనన్న నొక యజమాని కొంగు పట్టుకొనియే దాటవలెను.

దాటిన పిమ్మట గతి యెట్టిది? ఆ కంపెనీవారు పనినుండి తొలగించినచో, క్రొత్త స్పాన్సరును వెదకికొనుటకు సాధారణముగా 60 దినముల గడువు. అమెరికాలోను గరిష్ఠముగా 60 దినములే. ఇంటియద్దెయు, బిడ్డల బడియు, ఇచ్చట తాకట్టుపడిన పొలము మీది వడ్డియు ఆ 60 దినములలో ఇమడవలెను. అట్టివానిని రాత్రి పది గంటలవరకు కూర్చుండి పని ముగించుమన్నప్పుడు, కాదనుటకు నోరెట్లు వచ్చును? తాను గీచిన నమూనాపై మరియొకని పేరు పడినప్పుడు, అడుగుటకు ధైర్యమెట్లు చాలును?

అమెరికా విచిత్రము మరియొకటి. మన ప్రోగ్రామర్లు పోవు హెచ్-1బి వీసాలోనే ఫ్యాషను మోడళ్లకు ప్రత్యేకముగ చోటు కలదు. ఇతరులకు సాధారణముగా పట్టము కావలెను. వారికి ప్రఖ్యాతి చాలును. చీర కట్టి నిలిచిన రూపసికి చట్టమున చోటున్నది, చీర నేసిన చేతికి లేదు. 2025 సెప్టెంబరులో అచ్చటి అధ్యక్షుడు ఈ వీసాకై బయటి దేశమునుండి రప్పించు క్రొత్తవారి దరఖాస్తుకు లక్ష డాలర్లు చెల్లింపవలెనని ప్రకటన చేసెను. మన రూపాయలలో 80 లక్షలకు పైమాటయే. ఇప్పుడిప్పుడే చదువు ముగించిన నమూనాకారునికై ఏ దుకాణదారుడు ఆ సొమ్ము పోయును?

ఇక ఫ్యాషను రాజధానియని మనవారు కలలుగను మిలాను కథ వినుడు. 2024 జూన్‌లో ఆ పట్టణపు న్యాయస్థానము డియోరు వారి ఉత్పత్తి సంస్థ నొకదానిని న్యాయపర్యవేక్షణకు లోబరచినది. ఉపగుత్తలు పుచ్చుకొన్న చిన్న కార్ఖానాలలో విదేశీయులైన కూలీలు పని చేసినచోటనే పరుండుచుండిరి. కొందరికి దేశమున నుండుటకు పత్రములే లేవు. న్యాయస్థానపు కాగితములలో కనబడిన లెక్క యిది: ఒక చేతిసంచిని కూర్చినందుకు, తోలు మొదలగు సరుకుల ఖర్చు గాక, ముట్టినది 53 యూరోలు; అంగడిలో దాని వెల సుమారు 2,600 యూరోలు. సంస్థవారు లోపములు దిద్దుకొన్న పిమ్మట 2025 ఫిబ్రవరిలో ఆ పర్యవేక్షణ తొలగినది. సంతోషము. కాని మెరయు గాజుతలుపు వెనుక గదిలో ఎవరుందురో మన బిడ్డలు తెలిసికొని పోవుట మంచిది.

ఈ తూనిక మనకు క్రొత్త గాదు. 1611లో ఇంగ్లీషు వర్తకులు మచిలీబందరున కోఠీ పెట్టినది మన అద్దకపు గుడ్డలకొరకే గదా! ఆ గుడ్డలు ఐరోపాలో ఎంత ప్రియములయ్యెనో, అచ్చటి మగ్గములకు అంత కంటగింపయ్యెను. 1686లో ఫ్రాన్సు నిషేధించెను. 1721లో ఇంగ్లండువారు తమ ప్రజలు అద్దకపు నూలుబట్ట కట్టుటయే నేరమని శాసించిరి. తరువాతి శతాబ్దమున మన మనుష్యులను ఓడలకెక్కించి మారిషసునకు, నెటాలునకు, ఫిజీకి కొనిపోయిరి. ఫిజీ గిర్మిటు అయిదేండ్లు. ఒక యజమానికే కట్టుబడి యుండవలెను. 1917లో కూలీల చేర్పు ఆగినది. 1920లో మిగిలిన ఒడంబడికలు రద్దయినవి. నాడు గుడ్డను నిషేధించి మనిషిని ఓడకెక్కించిరి. నేడు గుడ్డను రానిచ్చి మనిషి నాపుచున్నారు. రెంటను తూనికరాళ్లు వారివే.

నేటి వీసా నాటి గిర్మిటుతో సమానమనుట అతిశయోక్తి. నేటివానికి వేతనము కలదు, న్యాయస్థానము కలదు, తిరిగివచ్చు స్వేచ్ఛ కలదు. కాని యజమానిని విడిచినచో నిలువ నీడ లేదను సూత్రము మాత్రము పాతదే. కాగితము తెల్లబడినది, అంతే.

ఇచ్చటి దళారుల మాట చెప్పక విడువరాదు. "స్పాన్సరు పత్రము సిద్ధము, పది లక్షలు తెండు" అను ఏజెంటులు మన పట్టణములలో తక్కువవారు కారు. చదువరులు గుర్తుంచుకొనవలెను: మన 1983 నాటి ఎమిగ్రేషను చట్టపు నిబంధనలు నమోదైన ఏజెంటునకు నిర్ణయించిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, పన్ను అదనము. ఇంగ్లండున 2024 డిసెంబరు 31 నుండి ఆ నైపుణ్యపు వీసాకై యిచ్చు పత్రపు రుసుమును యజమాని పనివానిపై రుద్దరాదు. కనుక ఆ పత్రమును అమ్మజూపువాడు అమ్మరాని సరకు నమ్ముచున్నాడు. రసీదడుగుడు; ఇచ్చునేమో చూతము.

"అయ్యా, ఇచ్చట పని యేది?" అని యువకులు మమ్మడుగుదురు. ఆ ప్రశ్న మమ్ము తలవంచుకొనజేయుచున్నది. హైదరాబాదున నిఫ్టు 1995 నుండి నడచుచున్నది. వెంకటగిరిలో చేనేత విద్యాలయమున్నది. 2019-20 చేనేత గణనలో దేశమున 35 లక్షలకు పైగా చేనేత పనివారు లెక్కకు వచ్చిరి. ఈ చదువునకును ఆ మగ్గమునకును నడుమ వంతెన కట్టినవారెవరు? వంతెన మాట యటుండగా, 2020లో అఖిలభారత చేనేత బోర్డునే ఎత్తివేసిరి. నేతగాని మాట ఢిల్లీలో వినిపించు కిటికీ యొకటి, చిన్నదైనను, అట్లు మూతపడినది. ఇంట కిటికీలు మూసి, బిడ్డ పొరుగింటి గడప యేల త్రొక్కెనని నిందించుట పెద్దల లక్షణము గాదు.

కాబట్టి మేము యువకులను మందలింపము. ఢిల్లీలోని వాణిజ్యశాఖవారిని అడుగుచున్నాము. వీసా పనివాని నైపుణ్యము ననుసరించి వాని పేరనే యుండవలెనని, యజమాని మారినను చెల్లవలెనని, సుంకముల మాట యెత్తిన బల్ల మీదనే మీరేల పట్టుబట్టలేదు? యోగాచార్యుని పేరు చదివిన ఆ గదిలో పెడన అద్దకపుపనివాని పేరు ఎవరైనను తలచిరా? తలచినచో, ఏమి చెప్పి త్రోసివేసిరి?