ట్యాంక్‌బండ్ విగ్రహాలు – ఒక తెలుగు పంతులు మనవి



వివాదాస్పదమైన స్మారకాలను తొలగించవలెనా, ఉంచవలెనా అన్న వాదం లేచినప్పుడల్లా మనవారు అమెరికా వైపో ఇంగ్లండు వైపో చూస్తారు. అంత దూరం పోనక్కరలేదు. మా మల్కాజ్‌గిరిలో సిటీ బస్సు ఎక్కితే గంటలో చేరగల చోటనే మన ఉదాహరణ ఉన్నది. 2011 మార్చి 10న, మిలియన్ మార్చ్ నాడు, ట్యాంక్‌బండ్ మీద కూలిన విగ్రహాల సంగతి చెబుతున్నాను.

ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా, 1980ల దశకంలో, అక్కడ 33 విగ్రహాలు నిలిపారు. నన్నయ, తిక్కన, ఎఱ్ఱన, పోతన, మొల్ల, వేమన, రుద్రమదేవి, మఖ్దూం, సురవరం ప్రతాపరెడ్డి – ఇలా సాగుతుంది ఆ వరుస. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వీలైనప్పుడల్లా పిల్లలను అక్కడికి తీసుకొని వెళ్ళేవాణ్ణి. కవిత్రయాన్ని వరుసగా చూపి భారతం కథ చెబితే, తరగతి గదిలో నెల రోజుల పాఠం ఒక్క సాయంత్రంలో పూర్తయ్యేది. అందుకే, శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్య, ఎఱ్ఱన విగ్రహాలను కూల్చారనీ, కొన్నింటిని హుస్సేన్‌సాగర్‌లో పడవేశారనీ మర్నాడు పత్రికలో చదివినప్పుడు నాకు అన్నం సయించలేదు.

కొన్ని నెలల తరువాత నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. మాటల మధ్య తల వంచుకొని, “సార్, ఆ రోజు నేను గూడ పోయిన. తాడు పట్టలే గని, పడ్డప్పుడు చప్పట్లు కొట్టిన” అన్నాడు. నాకు కోపం వచ్చింది. “నాయనా, ఎఱ్ఱన నీకేమి అపకారం చేశాడు?” అన్నాను. వాడు తల ఎత్తి, “ఎఱ్ఱన ఏం జెయ్యలే సార్. పాల్కురికి సోమన యాడున్నడు? కొమరం భీం యాడున్నడు? మీరు గూడ మాకెన్నడు జెప్పలే” అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. లేనివారి పేర్లు నేను ఒక్కనాడూ ఎత్తలేదు. పాఠ్యపుస్తకంలో ఉన్నంతే లోకమనుకున్నాను. కనుక ఆ విధ్వంసంలో నా మౌనానికీ కొంత పాలు ఉన్నది. తన ఊరి కవి ఎక్కడని అడిగే హక్కు ఆ కుర్రవాడికి ఉన్నది. దానిని ప్రాంతీయ దురభిమానమని కొట్టివేసేవారితో నేను ఏకీభవించను.

అయినా ఆ చప్పట్లను మాత్రం ఒప్పుకోలేను. వాడి ఆక్షేపణ పాలకుల ఎంపిక మీద. శిక్ష పడినది కవుల మీద. కులం పేరిట అవమానాలు భరించి ‘గబ్బిలం’ వ్రాసిన జాషువాను పెత్తనానికి గుర్తుగా చూడడం కంటె అన్యాయం ఏమున్నది?

ఇటువంటి అవమానానికి ఎలా బదులివ్వాలో తెలంగాణమే లోకానికి ఒకసారి చూపింది. తెలంగాణలో కవులు లేరన్న మాట వినబడినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు ఎవరి పుస్తకాన్నీ తగులబెట్టలేదు. 354 మంది కవులను వెదకి పట్టుకొని 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. ఆ దెబ్బకు ఆక్షేపణ నోరు మూతపడింది. విగ్రహం కూల్చినవాడికి అటువంటి గెలుపు దక్కదు. ఇక్కడ పడగొట్టినవాటిని తరువాత తిరిగి నిలిపారు కదా!

అయితే ఏ విగ్రహాన్నీ ఎన్నటికీ కదపరాదా? నేను అలా అనను. బ్రిస్టల్ నగరంలో 2020 జూన్‌లో జనం రేవులోకి తోసిన కోల్‌స్టన్ విగ్రహం బానిస వ్యాపారిది. మనుషులను అమ్మినవాడికి నడివీధిలో మ్రొక్కనక్కరలేదు. దానిని నీటినుండి తీసి, పూసిన రంగులతో సహా మ్యూజియంలో ఉంచారు. మన ఢిల్లీలో ఐదవ జార్జి విగ్రహాన్ని 1968లో ఇండియా గేటు దగ్గరి మంటపం నుండి తీసివేశారు. అది నేడు కారొనేషన్ పార్కులో ఉన్నది. గౌరవపీఠం దింపారు, చరిత్రను చెరపలేదు. ఏ పనికి మనం గౌరవించామో ఆ పనే అన్యాయమైనప్పుడు, నలుగురూ చర్చించి, పట్టపగలు, ఆ పీఠం దింపవచ్చు. జాషువా, ఎఱ్ఱనలు ఏ లెక్కలోనూ ఆ కోవకు రారు.

ఈ నియమం గుంపుకే కాదు, ప్రభుత్వానికీ వర్తిస్తుంది. 2024లో రాష్ట్ర చిహ్నం నుండి కాకతీయ తోరణాన్నీ చార్మినారునూ తొలగించే ప్రతిపాదన వచ్చింది. అవి రాజరికపు గుర్తులన్నారు. నిరసన రాగా అది వాయిదా పడింది. రాజు కట్టించినంత మాత్రాన తోరణం రాజుదే అవుతుందా? ఆ రాయి చెక్కిన చేతులు ఎవరివి? గుంపు చేస్తే విధ్వంసమూ, సర్కారు చేస్తే సంస్కరణమూ అనడం నాకు చేతకాదు.

మిత్రులారా, నా మనవి చిన్నది. ఉన్నవారిని దింపకండి, లేనివారిని తెచ్చి పక్కన నిలపండి. ఏ విగ్రహాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు నిలిపారో, 2011లో దానికి ఏమి జరిగిందో పీఠం మీద తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించండి. పిల్లలను అక్కడికి తీసుకొని వెళ్ళినప్పుడు, ఉన్నవారి తరువాత లేనివారిని గురించి కూడా చెప్పండి. నేను చెప్పలేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి నాకు ఇప్పుడు తరగతి గది లేదు, ఈ బ్లాగు తప్ప.

మీ అభిప్రాయాలు నిస్సంకోచంగా తెలుపగలరు. విభేదించేవారికి ముందుగా స్వాగతం.