నిలిచియున్న లారీకి కూలి లేదు

రోలుగుంట మండలమునకు రైలు లేదు. భీమునిపట్నమున బయలుదేరి చోడవరము, వడ్డాది, రావికమతము, కొత్తకోటల మీదుగా నర్సీపట్నము చేరు బీఎన్ రోడ్డే ఈ పల్లెలకు బజారునకును, ఆసుపత్రికిని, కళాశాలకును దారి. ఆ రోడ్డు గోతులకెంత పేరుగన్నదో ఈ ప్రాంతపు పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఆ గోతుల దారినే నమ్ముకొని, పదవ తరగతితోనో ఇంటరుతోనో చదువు చాలించి, తండ్రి దున్నుకొను ఎకరము నేల అన్నదమ్ములిద్దరికి చాలదని గ్రహించిన పిల్లవాడు, తొలుత ట్రాక్టరెక్కి, పిదప టిప్పరెక్కి, కడకు పన్నెండు చక్రముల లారీ యెక్కి, ఇచ్ఛాపురము దాటి తన పూర్వులు పేరైనను వినని ఊళ్ళకు సరుకు చేరవేయు వృత్తిలో కుదురుకొనుచున్నాడు. ఈ వృత్తిని గూర్చి మాటలాడునపుడెల్ల మనకు స్ఫురించునవి ప్రమాదములు, ధాబాలు, మద్యము, పోలీసువారి మామూళ్ళు. అవి లేవని నేననను. కాని డ్రైవరు బ్రతుకును లోలోపల తినివేయుచున్నది బండి నడుచునప్పటి శ్రమకంటె బండి నిలిచినప్పటి శ్రమయేనని నా యభిప్రాయము. ఆ శ్రమకు మన దేశమున కూలి లేదు, లెక్కయు లేదు.

పని దొరకు విధమును మొదట చెప్పవలెను. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నము జిల్లానుండి విడివడి ఏర్పడిన ఈ అనకాపల్లి జిల్లాలో, చేతికి స్టీరింగు తొలిసారి తగులుచుండినది చాలకాలము చెరకు పంట వలననే. తోటలు నరకు కాలము వచ్చెనా, ట్రాక్టరు నడుపగల ప్రతి కుర్రవానికిని నాలుగు నెలల పని దొరకెడిది. ఫ్యాక్టరీ కాటా వద్ద వరుసలో నిలిచిన బండ్ల నడుమనే అతడు గేరు మార్చుటయు, వెనుకకు తీయుటయు, బరువుతో గట్టెక్కుటయు నేర్చుకొనెడివాడు. పిదప తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ చక్కెర కర్మాగారములు ఒకటి వెంట నొకటి మూతపడినవి. గోవాడలోని చోడవరము సహకార ఫ్యాక్టరీ నెట్టుకొని వచ్చుటయే గగనమైనది. బెల్లము మాత్రము నేటికిని అనకాపల్లి మార్కెట్టు నుండి ఒడిశాకును, బెంగాలునకును, బీహారునకును లారీల మీదనే పోవుచున్నది. చెరకు తగ్గినచోట రాతి క్వారీలు మిగిలినవి; ట్రాక్టరు పని పోయినవాడు టిప్పరు పనికి పోయెను.

ఈ కొలువునకు ప్రకటన లేదు, ఇంటర్వ్యూ లేదు. మేనమామయో, పెద్దనాన్న కొడుకో అదివరకే లారీ మీద నుండవలెను. "మావా, మీ ఓనరు దగ్గిర కిలీనరు పనేటైనా ఉందేటి?" అని ఫోనులో నడిగిన యొక్క మాటతో ఆ జీవితము ఆరంభమగును. క్లీనరన నద్దము తుడుచువాడని బయటివారు తలంతురు. పట్టా కప్పి తాడు బిగించుట, చక్రము మీద ఇనుప కడ్డీతో కొట్టి ఆ చప్పుడును బట్టి గాలి యెంతయున్నదో పోల్చుట, రాత్రివేళ వెనుకకు తీయుచుండగా లారీని చరచి "రానీ, రానీ, ఓల్డాన్" అని కేకవేయుట, వంటచేయుట, డ్రైవరు కన్ను మూతపడకుండ కబుర్లు చెప్పుట, ఇవన్నియు వాని పనులే. ఏ ప్రభుత్వమును స్థాపింపని పాఠశాల యది. ఫీజు లేదు, పుస్తకము లేదు, గురువు తిట్టిన తిట్లే పాఠములు. నేడా పాఠశాల మూతపడుచున్నది. కిరాయిలు గిట్టక యజమాని మొదట తగ్గించునది క్లీనరునే. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లుండవలెనను నిబంధన యొకప్పుడుండెడిది. 2018లో దానిని ఎత్తివేసిరి. ఫలితముగా ఒక మనిషి, ఒక ఫోను, పాతిక టన్నుల సరుకు, వేయి కిలోమీటర్ల దూరము.

చట్టము చూపు దారి వేరుగ నున్నది. సరకుల బండి నడుపుటకు ఇరువది యేండ్లు నిండవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము. అంతకు ముందొక సంవత్సరము చిన్నబండి లైసెన్సు కలిగియుండవలెను. ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణుడై యుండవలెనను నియమమును 2019లో తొలగించిరి, అది మంచిపనియే. ఘాట్ రోడ్డు మీద బరువు బండిని బ్రేకు తొక్కకుండ గేరు మీద దింపగల నేర్పరిని తరగతి మార్కుల జాబితా యడుగుట నాకెప్పుడును వింతగనే తోచినది. 7,500 కిలోల లోపు బరువుగల సరకుల బండిని చిన్నబండి లైసెన్సుతోనే నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీము కోర్టు రాజ్యాంగ ధర్మాసనము తేల్చిచెప్పినది. కూరగాయలును, ఎరువు బస్తాలును మోయు బొలేరో బండితో మొదలిడు మన పిల్లలకు ఈ తీర్పొక చేయూత.

ఇక నసలు విషయము.

విశాఖ రేవు 1933లో తెరువబడినది. ఆ రేవునకు వచ్చిన ఓడ, ఒప్పుకొన్న గడువునకు మించి సరకు దింపుటకై నిలిచినచో, నిలిచిన కాలమునకు డెమరేజి చెల్లింపవలెను. రైల్వేవారి వ్యాగనును గడువు దాటి నిలిపియుంచిన వర్తకుడును గంటల లెక్కన డెమరేజి చెల్లించును. ఇనుము నిలిచినను, చెక్క నిలిచినను దాని కాలమునకు వెల గలదని వ్యాపారలోక మంగీకరించినది. ఆ ఓడ సరకునే, ఆ వ్యాగను సరకునే యెత్తుకొనుటకు గేటు ముందర రెండు రోజులు నిలిచిన లారీలోని మనిషి కాలమునకు మాత్రము వెల లేదు. హాల్టింగు చార్జీయని యొక మాట లారీ ఆఫీసులలో వినబడును. అది వచ్చిననాడు యజమాని ఖాతాలో చేరును, రానినాడు లోడు కుదిర్చిన బ్రోకరు నవ్వులో కలిసిపోవును. డ్రైవరునకు ట్రిప్పునకింతయను కూలి, దారిలో తిండికి బత్తా. ట్రిప్పు మూడు రోజులలో ముగిసినను, ఆరు రోజులు పట్టినను కూలి యొక్కటే.

ఆ నిలుపుదల యెట్లుండునో దగ్గర నిలిచి చూచినవారికి గాని తెలియదు. డ్రైవరు గేటు వద్ద చీటీ వ్రాయించుకొని లారీని వరుసలో పెట్టును. "లోడెప్పుడవుద్ది బాబూ?" అని యడుగును. "నీ నెంబరొచ్చినప్పుడు పిలుస్తాం, బండి దగ్గరే ఉండు" అని గుమాస్తా తలయెత్తకయే చెప్పును. ఆ 'దగ్గరే ఉండు' అను మాటలోనే సంకెల యున్నది. వరుస ఒక బండి జరిగినపుడెల్ల తానును జరుపవలెను. జరుపనిచో వెనుకవాడు ముందుకు దూరును. కనుక ఊరిలోనికి పోరాదు, కంటినిండ నిద్రపోరాదు. నిద్రపోయెనా, డీజిలు ట్యాంకు మూతయో బ్యాటరీయో మాయమగును. ఆ నష్టము యజమాని వాని కూలిలోనే కోయును. మధ్యాహ్నము క్యాబిను పెనము వలె కాలును. లారీ క్రింది నీడలో గోనెపట్టా పరచుకొని, చిన్న గ్యాసు పొయ్యి మీద అన్నము వండి, ఇంటినుండి తెచ్చిన ఆవకాయ కలుపుకొని, ప్రక్క లారీ శ్రీకాకుళము వానితో కూడ పంచుకొని తినును. స్నానమునకు నీళ్ళెక్కడ దొరకునో, కాలకృత్యముల కెక్కడికి పోవలెనో ఆ గేటు మీది యే బోర్డును చెప్పదు. బత్తా డబ్బు మాత్రము గంటగంటకు కరగుచుండును.

2025 అక్టోబరు నుండి తయారగు లారీలన్నింటికిని క్యాబినులో ఏసీ యుండవలెనని కేంద్రము నియమము చేసినది. సంతోషమే. కాని ఆ ఏసీ ఇంజను నడుచుచున్నంత సేపే చల్లదన మిచ్చును. వరుసలో నిలిచిన బండికి ఇంజను వేసియుంచిన డీజిలు ఖర్చెవరిది? వేడి భరింపరానిది బండి నిలిచినప్పుడే గదా.

ఎదురుచూపు చివరకు వేగముగా మారును. గేటులో పోయిన రెండు రోజులను రోడ్డు మీద రాబట్టుకొనవలెనని డ్రైవరు రాత్రియును నడుపును. నిద్ర రాకుండ జర్దా నమలును, టీ త్రాగును, కొందరు త్రాగరానివియు త్రాగుదురు. సేవ్‌లైఫ్ ఫౌండేషను 2020లో ప్రకటించిన యధ్యయనమున, మన దేశపు లారీ డ్రైవరు సగటున దినమునకు 12 గంటలపాటు 417 కిలోమీటర్లు నడుపుచున్నట్లును, ఇంచుమించు సగము మంది అలసటతోనో కునికిపాటుతోనో నడుపుచున్నామని యొప్పుకొన్నట్లును తేలినది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పనియని, అయిదు గంటల పనికి పిదప అరగంట విశ్రాంతియని ముచ్చటగా వ్రాసినది. 2020 నాటి కార్మిక స్మృతి యొకటి దానిని తనలో కలుపుకొన్నది. అయితే ఆ పాత చట్టము అయిదుగురు కార్మికులున్న సంస్థలకే వర్తించెడిది. ఒకటి రెండు లారీలు అప్పుమీద కొని, తానొకటి నడుపుకొనుచు బావమరదికొకటి యిచ్చిన యజమాని దాని పరిధిలోనికి ఏనాడును రాలేదు. ఐరోపాలో నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు 45 నిమిషములు ఆగితీరవలెను. అట్లాగెనో లేదో బండిలోని టాకోగ్రాఫు యంత్రమే వ్రాసిపెట్టును. అమెరికా డ్రైవరును మనవానివలెనే గేటు ముందర పడిగాపులను గూర్చి మొరపెట్టుకొనును, ఏలయన అక్కడ చాలమందికి కూలి మైలునకింత; నిలిచిన చక్రమునకు మైలు లేదు. కనుక ఇది పేదదేశపు లోపమని సరిపెట్టుకొనుటకు వీలులేదు.

ఇట్లు నిలిచిన సమయమును లెక్కించుట అసాధ్యమని కొందరందురు. ఇది సరికాదు. సరకు కాలము నిమిషములతో సహా లెక్కింపబడుచునే యున్నది. 2018 నుండి దేశమంతట నమలున నున్న ఈ-వే బిల్లు, 2021 జనవరి నుండి 200 కిలోమీటర్లకొక దినము చొప్పున గడువిచ్చును. గడువు మీరినచో దారిలో పట్టుకొని అపరాధము విధింతురు. ఫాస్టాగు ఏ టోలుగేటును ఏ క్షణమున దాటెనో చెప్పును. జీపీఎస్ బండి యెక్కడ నిలిచెనో యజమాని ఫోనునకు చెప్పును. ఇన్ని కన్నులకు సరకు కనబడుచున్నది, బండి కనబడుచున్నది. మనిషి యొక్కడే కనబడుట లేదు.

మనిషి కనబడిన సందర్భ మొకటి జ్ఞాపకమునకు వచ్చుచున్నది. భారతీయ న్యాయసంహితలో, ప్రమాదము చేసి తెలుపకుండ పారిపోయిన డ్రైవరునకు పదేండ్ల దాక శిక్షయను 106(2) సెక్షనునకు నిరసనగా 2024 జనవరి మొదటి దినములలో దేశమంతట లారీలు నిలిచిపోయెను. పెట్రోలు బంకుల ముందర బారులు తీరిన మనము గంటసేపు నిలిచినందులకే విసుగుకొంటిమి. ఆ సంహిత యా జూలైలో అమలునకు వచ్చినను ఆ సెక్షనును మాత్రము ప్రక్కన నుంచిరి. శిక్షను గూర్చి అంత గట్టిగా నినదించిన సంఘములు కూలి లేని నిరీక్షణను గూర్చి అంతగా పలుకకుండుట నాకు వింతగొల్పుచున్నది. సంఘములను నడుపువారిలో యజమానులే హెచ్చుగా నుండుట దీనికి కారణము కావచ్చును. ఈ నిరీక్షణను చూపలేదని సినిమావారిని తప్పుపట్టను. 1990లో బాలకృష్ణ నటించిన 'లారీ డ్రైవర్'ను మన తరము చప్పట్లతో చూచినది. కథానాయకుడు లోడు కొరకు యార్డులో రెండు రోజులు చేతులు కట్టుకొని కూర్చుండు దృశ్యమును ఏ నిర్మాత తీయును?

ఇంటి సంగతి యొక్క మాట. అనకాపల్లి నూకాంబిక జాతరకు కొత్త అమావాస్యనాడు వత్తునని భార్యకు చెప్పినవాడు ఉగాది దాటిన పిదప వచ్చును. ఏ దినము వత్తునో చెప్పలేని యల్లునికి పిల్లనిచ్చుటకు వెనుదీయు మామలు ఈ మండలమున తక్కువ లేరు. డ్రైవర్లు దొరకుటలేదని యజమానులు వాపోవుటకు మూలమిచ్చటనే కలదు. జీతము చాలక మానినవారు కొందరే. తమ కాలము తమది కాకపోవుటచే మానినవారనేకులు.

చిన్న యజమానిని నిందించి లాభము లేదు. వాని కిరాయిని బ్రోకరు నిర్ణయించును, వాని వాయిదాను ఫైనాన్సువాడు నిర్ణయించును. నిలుపుదలకు మూల్యము చెల్లింపవలసినవాడు నిలిపినవాడే, అనగా సరకు పంపువాడో పుచ్చుకొనువాడో. గేటు చేరిన గంటను బిల్టీ (సరకు రవాణా రసీదు) మీద వ్రాసి ముద్ర వేయుట తప్పనిసరి చేసి, కొన్ని గంటలు ఉచితముగ విడిచి, ఆ పైని ప్రతి గంటకును హాల్టింగు విధించి, అందు సగము నేరుగా డ్రైవరు బ్యాంకు ఖాతాలో వేయవలెను. ప్రైవేటు కర్మాగారములు ఒప్పుకొనవని ముందుగనే నిరాశ చెందనక్కరలేదు. విశాఖ రేవు ప్రభుత్వరంగ సంస్థ, ఉక్కు కర్మాగారము ప్రభుత్వ సంస్థ, ఆహారసంస్థ గిడ్డంగులు ప్రభుత్వమువి, చౌకడిపోలకు బియ్యము పంపు పౌరసరఫరాల సంస్థయు ప్రభుత్వమే. వీరు రవాణాకు టెండర్లు పిలుచునపుడు ఆలస్యముగా సరకు చేర్చిన లారీకి జరిమానా షరతు వ్రాయుట ఎన్నడును మరువరు. వచ్చు టెండరునందు ఆ షరతు క్రిందనే, ఆలస్యముగా సరకు ఎత్తించిన గిడ్డంగికి కూడ జరిమానా వ్రాయుటకు క్రొత్త చట్టము అక్కరలేదు, శాసనసభ అక్కరలేదు. సంతకము పెట్టు అధికారి యొప్పుకొన్న చాలును.