మాది త్యాగం కాదు, ఆ మాట మా మీద రుద్దకండి

  పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పోలవరం మీద ఎక్కడ మీటింగు జరిగినా ఒక మాట తప్పకుండా వస్తది. "నిర్వాసితుల త్యాగం మరువలేనిది" అని. చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు, భోజనాలకు లేస్తారు. మన పిల్లలు కూడా స్టేటస్‌లలో అదే మాట పెడుతున్నారు కాబట్టి రాయాల్సి వచ్చింది.

త్యాగం అంటే తన చేతిలో ఉన్నది తన ఇష్టంతో ఇచ్చేది. మనల్ని ఎవరడిగారు? 2014లో రాష్ట్ర విభజన చట్టంలోనే పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టు అని రాసేశారు. అదే ఏడాది మే నెలలో ఆర్డినెన్సు తెచ్చి కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు లాంటి మండలాలను ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రలో కలిపారు. ఏజెన్సీలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. భూమి సంగతి అటుంచండి, మన రాష్ట్రమే మార్చేటప్పుడు కూడా అడగాలని ఎవరికీ తోచలేదు. పొద్దున లేచేసరికి రాష్ట్రం మారిపోయిన మనిషిని పట్టుకుని త్యాగమూర్తి అంటే ఎలా?

ఇది కొత్త కథ కూడా కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కింద డెల్టా పచ్చబడింది. ఊరూరా కాటన్ దొరకి విగ్రహాలు పెట్టుకున్నారు, పెట్టుకోనివ్వండి, వాళ్ల అన్నం అది. కానీ అదే గోదారి మీద మన కొండల వెదురు, కలప తెప్పలు కట్టుకుని రాజమండ్రి దిగిపోయాయి. కొండరెడ్లను కలప వ్యాపారులు అప్పుల్లో పెట్టి ఎలా చాకిరీ చేయించుకున్నారో హైమెండార్ఫ్ 1945లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. నది ఒకటే. కిందికి పోయిన సరుకు మనది, పైకి వచ్చింది అప్పు.

ఇప్పుడు లెక్క చూడండి. పోలవరం నుంచి కృష్ణాకు 80 టీఎంసీలు. విశాఖ పరిశ్రమలకు, తాగునీటికి 23 టీఎంసీల పైమాట. కొత్త ఆయకట్టు 7 లక్షల ఎకరాలు దాటుతుందట, 960 మెగావాట్ల కరెంటు అదనం. ఇందులో మన కొండ మీద పోడుకు వచ్చే కాలవ ఏది? మునిగేది మాత్రం లక్షకు పైగా కుటుంబాలు, అందులో సగానికి పైగా మనవాళ్లే.

"పక్కా ఇల్లు ఇచ్చారు కదా" అంటారు. ఇల్లు ఇచ్చారు సరే. అడ్డాకులు ఏ స్లాబు మీద కోసుకోవాలి? జీలుగు చెట్టు ఏ సిమెంటు రోడ్డు పక్కన మొలుస్తది? ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు, వీటికి పరిహారం కాగితంలో గడి ఉందా? అడవి మీద సామూహిక హక్కులను డబ్బుగా లెక్క కట్టి ఇవ్వమని 2013 భూసేకరణ చట్టం 42వ సెక్షన్ అంటుంది. అడవిని డబ్బుగా మార్చడమే మాకు నచ్చని పని. ఆ డబ్బు లెక్కైనా ఏ ఊరికి ఎంత కట్టారో చూపించండి మరి.

అదే సెక్షన్‌లో మనం గట్టిగా పట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది. షెడ్యూల్డ్ ఏరియా బయట కాలనీ ఇచ్చినా, లోపల మనకున్న చట్టపరమైన రక్షణలు, హక్కులు, రిజర్వేషన్ ప్రయోజనాలు మన వెంటే రావాలి. మైదానంలో కాలనీకి పోయిన పిల్లోడు సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే, "ఇది ఏజెన్సీ కాదు బాబూ" అన్నవాళ్ల ముందు ఈ సెక్షన్ తెరిచి పెట్టండి.

ఇక కాంటూరు గొడవ. మొదటి దశ 41.15 మీటర్లట, పూర్తి మట్టం 45.72 అట. గీత లోపలుంటే నిర్వాసితుడు, నాలుగు అడుగులు పైనుంటే కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. మూడో హెచ్చరికే 53 అడుగులకి! ఆ వరద ఏ కాంటూరు మ్యాపు చూసుకుని వచ్చింది? లిస్టులో లేని ఊళ్లవాళ్లు కూడా కొండలెక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపారు. వరద చూశాకే మళ్లీ సర్వే అడిగారు జనం, అందులో తప్పేముంది?

డెల్టా మిత్రులు మనల్ని అభివృద్ధి నిరోధకులు అంటున్నారు. వాళ్లకీ ఒక మాట. పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి మీ డెల్టా అంచు సముద్రంలోకి కోసుకుపోతోందని శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్లుగా రాస్తున్నారు. 2014లో నగరం ఊరి మధ్య గ్యాస్ పైపు పేలి మీవాళ్లూ కాలిపోయారు. అప్పుడు ఎవడైనా మీది త్యాగం అంటే ఊరుకునేవాళ్లా?

నీళ్లు రాయలసీమకి పోవద్దు, కృష్ణాకి పోవద్దు అని మేము అనడం లేదు. పునరావాసం మొత్తం పూర్తయ్యాకే నీళ్లు నిలపాలి, భూమికి భూమి ఇవ్వాలి, అది షెడ్యూల్డ్ ఏరియాలో ఇవ్వాలి అంటున్నాం.

ఈ సెలవుల్లో ఇంటికి పోయేవాళ్లు ఒక పని చేయండి. మీ ఊరి గ్రామసభ తీర్మానం కాపీ అడగండి. తీర్మానం జరిగిందా, ఎవరు సంతకం పెట్టారు, వేలిముద్రలు ఎవరివి, చూడండి. పోడు పట్టా ఉందో లేదో, 2006 చట్టం కింద క్లెయిమ్ పెట్టారో లేదో మీ నాన్నని, తాతని అడిగి రాసుకోండి. 2022లో నీళ్లు ఏ ఇంటి గడప దాకా వచ్చాయో ఫోటో తీయండి, గోడ మీద మరక ఇంకా ఉంటే అది కూడా. ఊరి పేరు, మండలం రాసి గ్రూపులో పెట్టండి. ఏ ఊరివి ఇంకా రాలేదో పేర్లతో సహా మేము గుర్తు చేస్తూనే ఉంటాం.