యంత్రానికీ ముక్కుంది!

కాఫీపొడి కొట్టు ముందు నుంచి వెళ్తుంటే ఎవరికైనా అడుగు కాస్త నెమ్మదిస్తుంది. ఆ ఘుమఘుమ వెనక ఉన్నవి ఒకటీ రెండూ కాదు, 800కు పైగా రసాయనాలు! వేయించిన గింజ నుంచి లేచే ఆవిర్లన్నిటినీ కలిపి మన ముక్కు ‘కాఫీ’ అని ఒక్క మాటలో తేల్చేస్తుంది.

అరకు కొండల్లో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి మేలురకం గింజకు తగిన ధర పలకాలంటే రుచి చూసే నిపుణులు ఔననాలి. వాళ్లు ముందు పొడి వాసన చూస్తారు. వేడినీళ్లు పోశాక మళ్లీ చూస్తారు. ఆపైన చెంచాతో జుర్రుమని పీల్చి మార్కులు వేస్తారు. అయితే మనిషి ముక్కుకు జలుబు చేస్తుంది, అలసట వస్తుంది.

అలసిపోని ముక్కును తయారుచేయలేమా? 1982లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కృష్ణ పెర్సాద్, జార్జ్ డాడ్ ఆ దారి చూపించారు. అదే ఎలక్ట్రానిక్ ముక్కు. ఇందులో చిన్న చిన్న సెన్సర్లు వరసగా ఉంటాయి. చాలావాటికి టిన్ ఆక్సైడ్ లాంటి పూత ఉంటుంది. వేడెక్కిన ఆ పూతకు ఆవిరి తగిలితే కరెంటును అడ్డుకునే గుణం మారిపోతుంది. ఒక్కో సెన్సరు ఒక్కోలా స్పందిస్తుంది. అన్నిటినీ కలిపి చూస్తే వేలిముద్రలాంటి గుర్తు తయారవుతుంది. దాన్ని కంప్యూటర్ తనకు తెలిసిన గుర్తులతో పోల్చి, గింజ ఏ రకమో, ఎంత వేగిందో చెబుతుంది. మనదేశంలో కోల్‌కతా సీడాక్ సంస్థ తేయాకు కోసం ఇలాంటి పరికరాన్నే రూపొందించింది.

ఇక్కడే ఓ మెలిక ఉంది. యంత్రానికి తేడా తెలుస్తుంది కానీ మంచీచెడూ తెలియవు. అవి మనిషే నేర్పాలి. తేయాకు యంత్రానికీ రుచి చూసేవాళ్ల మార్కులే పాఠాలు!

కొండమీది కాఫీ సంగతి భీమవరానికెందుకూ అంటారా? మనదీ వాసనతో పనిపడే వ్యాపారమే కదా! రొయ్యకు కౌంటు ఉంది. బరువుకు కాటా ఉంది. తాజాదనం తేల్చేది మాత్రం కళ్లూ, వేళ్లూ, ముక్కే. మనం ఎగుమతి చేసే రొయ్యను అమెరికా ఆహార, ఔషధ సంస్థవాళ్లు కూడా వాసన చూసే పరీక్షిస్తారు. రొయ్య కుళ్లేటప్పుడు పుట్టే ఇండోల్ అనే రసాయనాన్ని ప్రయోగశాలలో కొలవొచ్చు. చెరువు గట్టు మీద ఆ వీలుండదు. అక్కడే ఇలాంటి యంత్రం అక్కరకొచ్చేది.

అలాగని ఎక్కడిదో తెచ్చి పెట్టేస్తే సరిపోదు. సముద్రపు చేప పాడయ్యేటప్పుడు నీచు కొట్టేది ముఖ్యంగా ట్రైమిథైలమీన్ వల్ల. దాన్ని పుట్టించే ముడిసరుకు మన చెరువుల్లోని శీలావతి, బొచ్చెల్లో చాలా తక్కువ. సముద్రపు చేపతో పాఠం నేర్చిన యంత్రం మన చేప దగ్గర తడబడుతుంది. పైగా గాల్లో తేమ పెరిగితే ఈ సెన్సర్ల లెక్క తప్పుతుంది. చెమట ఆరని మన డెల్టాలో అదో పెద్ద పరీక్షే!

అందుకే యంత్రం ఎంత గొప్పదన్నది కాదు, దానికి పాఠం చెప్పిందెవరన్నది అసలు ప్రశ్న. ఒకప్పుడు ధాన్యం గింజను పంటికింద కొరికి తేమ చెప్పేవారు. ఇప్పుడు కొనుగోలు కేంద్రంలో మీటరు పెడతారు. 17 శాతం దాటిందో లేదో కొనేవారితోపాటు రైతూ చూస్తాడు. అనుమానమొస్తే మళ్లీ కొలవమని అడుగుతాడు. వాసన యంత్రమూ అలాగే రావాలి. కొనేవాళ్ల ముక్కు ఒక్కటే నేర్పితే వాళ్ల మాటకే అంకెల ముద్ర పడుతుంది. మన చెరువుల సరుకుతో, రైతుల ఎదుట, అందరికీ తెలిసేలా నేర్పితేనే అది కాటా అంత నమ్మకమైన తూకమవుతుంది.