ఏజియన్ జలాలు: తేలని హద్దులు

టర్కీ పశ్చిమ తీరానికి ఎదురుగా సామోస్ అనే ద్వీపం ఉంది. నడుమనున్న జలసంధి అతి సన్నని చోట ఒకటిన్నర కిలోమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. అయినా ఆ ద్వీపం గ్రీసుది. ఏజియన్ సముద్రంలో ఇటువంటి ద్వీపాలు, రాతి దిబ్బలు వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో అత్యధికం గ్రీసువే. 1923 నాటి లొజాన్ ఒప్పందం వీటిలో చాలావాటిని గ్రీసుకు ఖాయపరచింది. ఇటలీ చేతిలోనున్న రోడ్స్, కోస్ మొదలైనవి 1947లో దానికి దక్కాయి.

నేల పంపకం ఒక విధంగా ముగిసింది గాని, నీటి పంపకం ముగియలేదు. ప్రస్తుతం ఏజియన్‌లో ఉభయ దేశాలూ తమ తీరం నుండి 6 నాటికల్ మైళ్ల వరకే, అంటే సుమారు 11 కిలోమీటర్ల వరకే, ప్రాదేశిక జలాలను పాటిస్తున్నాయి. 1982 నాటి సముద్ర న్యాయ ఒప్పందం 12 మైళ్ల వరకు అనుమతిస్తుంది. గ్రీసు దానిని ఆమోదించింది, టర్కీ సంతకమే చేయలేదు. ప్రతి ద్వీపం చుట్టూ 12 మైళ్లు గీస్తే ఏజియన్‌లో సుమారు సగమున్న అంతర్జాతీయ జలాలు ఐదవ వంతుకు కుంచించుకుపోతాయి. ఇజ్మీర్ నుండి మధ్యధరాకు వెళ్లే ఓడ గ్రీసు జలాల గుండానే పోవలసి వస్తుంది. అందుకే గ్రీసు ఆ పని చేస్తే యుద్ధకారణంగా పరిగణిస్తామనే అర్థంలో టర్కీ పార్లమెంటు 1995 జూన్‌లో తీర్మానించింది.

టర్కీ ముస్లిం దేశం గనుక న్యాయం దాని వైపే ఉండాలని మనలో కొందరు తలుస్తారు. ధర్మం అలా తేలదు. తన తీరం ముంగిట సముద్రం మూసుకుపోతుందన్న టర్కీ ఆవేదన సహేతుకమే. కాని నల్లసముద్రంలో, మధ్యధరాలో తానే 12 మైళ్లు పాటిస్తూ ఇక్కడ పొరుగువాడిని యుద్ధమని బెదిరించడం సమర్థనీయం కాదు. గ్రీసు 1976లో ఖండతీరపు అడుగుభాగపు తగవును అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకువెళ్లగా, తనకు అధికార పరిధి లేదని 1978లో కోర్టు చెప్పింది. నాటి నుండి గ్రీసు ఆ ఒక్క తగవునే కోర్టుకు విడదామంటుంది. టర్కీ అన్నింటినీ కలిపి మాట్లాడుకుందామంటుంది.

ఈ మొండితనం ఎంతదూరం పోగలదో 1996 జనవరిలో తెలిసింది. గ్రీకులు ఇమియా అని, టర్కులు కర్దక్ అని పిలిచే రెండు రాతిదిబ్బలు ఉన్నాయి. మనుషులు నివసించరు, మేకలు మేస్తాయి. అక్కడ ఒక టర్కీ సరకుల ఓడ చిక్కుకోవడంతో మొదలైన వాదన జెండాలు పాతడం వరకు, యుద్ధనౌకలు మోహరించడం వరకు వెళ్లింది. అమెరికా మధ్యవర్తిత్వంతో సైన్యాలు వెనుదిరిగాయి. ఈలోగా ఒక గ్రీకు హెలికాప్టర్ కూలి ముగ్గురు అధికారులు మరణించారు. మేకల దిబ్బ కోసం!

హద్దు తేలని ఈ నీటిలోనే 2015లో ఎనిమిది లక్షలకు పైగా మనుషులు, ఎక్కువగా సిరియా, అఫ్ఘానిస్తాన్, ఇరాక్ వాసులు, రబ్బరు పడవల్లో గ్రీసు చేరారు. చేరనివారూ ఉన్నారు, బోద్రుమ్ తీరాన ఇసుకలో బోర్లా పడి ఉన్న సిరియా పసివాడి చిత్రం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గాలింపు, రక్షణ బాధ్యత ఎక్కడివరకు ఎవరిదన్న దానిపైనా ఈ రెండు దేశాలకు ఏకాభిప్రాయం లేదు. పడవలను వెనక్కి తోస్తున్నారని మానవహక్కుల సంస్థలు పదేపదే గ్రీసును ఆరోపించాయి. గ్రీసు కాదంటుంది. మునిగేవాడికి ఏ మైలురాయి కనిపిస్తుంది?

ఈ తీరవాసులకు వలస కొత్తది కాదు. 1923 జనాభా మార్పిడిలో మతాన్ని బట్టి మనుషులను అటూ ఇటూ పంపారు. గ్రీకు భాష తప్ప మరొకటి రాని క్రీట్ ముస్లింలు సైతం టర్కీ తీరంలోని ఐవాలిక్ వంటి చోట్ల స్థిరపడవలసి వచ్చింది.

2023 డిసెంబరులో ఏథెన్స్‌లో ఉభయ దేశాలూ స్నేహ ప్రకటనపై సంతకాలు చేశాయి. జలాల విషయం అందులో తేలలేదు. అయితే మరుసటి సంవత్సరం నుండి టర్కీ పౌరులకు తీరపు గ్రీకు ద్వీపాలకు ఏడు రోజుల వీసా అక్కడికక్కడే లభిస్తోంది. ఐవాలిక్ కుటుంబాలు ఇప్పుడు ఉదయం పడవెక్కి ఎదురుగానున్న లెస్‌బోస్‌లో దిగుతున్నాయి.