కుట్టుమిషన్ బల్ల మీద కొలువు

మధ్యధరా సముద్రంలో మాల్టా అని ఒక చిన్న దీవి దేశం ఉంది. విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి కరీంనగర్ జిల్లాలో దాదాపు ఏడో వంతు. 2021 జూన్‌లో, కరోనా ఇంకా పోకముందే, ఆ దేశం ఒక కొత్త అనుమతి తెచ్చింది. వేరే దేశపు కంపెనీకి ఇంటర్నెట్ మీద పని చేసేవాళ్లు ఎవరైనా వచ్చి ఏడాది పాటు తమ దగ్గర ఉండొచ్చని చెప్పింది. క్రొయేషియా, గ్రీస్, సైప్రస్ కూడా అదే ఏడాది ఆ బాట పట్టాయి. అప్పటినుంచి మన పిల్లల ఫోన్లలో ఒకటే బొమ్మ తిరుగుతోంది. సముద్రం కనబడే కాఫీ హోటల్, పాత రాతిగోడ, కిటికీ పక్కన బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, పొగలు కక్కే కప్పు.

ఆ బొమ్మ చూసి ఆశపడటంలో తప్పు లేదు. కాకపోతే మాల్టా అడిగే ఆదాయం ఏడాదికి 42 వేల యూరోలు. అంటే నెలకు మూడు లక్షల రూపాయలు దాటిన జీతం. జగిత్యాల నుంచో మంచిర్యాల నుంచో హైదరాబాద్ పోయి హాస్టల్ గదిలో సర్దుకుంటున్న పిల్లల్లో ఎక్కువమందికి అది అందదు. కానీ పని ఉన్నచోటికి మనిషి పోకుండా, మనిషి ఉన్నచోటికే పని రావడమన్నది మన దగ్గర కూడా జరిగే పనే. కరోనా కాలంలో రెండేళ్లకు పైగా జరిగింది. దాన్ని మనం అడ్డం నిలబడి కాపాడుకోలేదు.

ఇంటినుంచి పని చెయ్యడం మన ప్రాంతానికి కరోనా నేర్పింది కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఏ వాడకు పోయినా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపించేవారు. ఇప్పటికీ చుడుతున్నారు. అడవి నుంచి వచ్చిన తునికాకు, కార్ఖానా ఇచ్చిన తంబాకు, ఒక కత్తెర, దారం. తడిపిన ఆకును కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల మధ్య ఒక్క తిప్పు తిప్పి, మొన మడిచి దారం చుట్టేసరికి చూసేవాళ్ల కన్ను ఆ వేగాన్ని అందుకోలేదు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే చుట్టాలి. పసిపిల్ల ఏడిస్తే చాట పక్కన పెట్టి లేవాలి. పొద్దుగూకే సరికి లెక్క తక్కువ పడితే రాత్రి బల్బు కింద మళ్లీ కూర్చోవాలి. మెడ పట్టేస్తుంది, వేళ్లు కాయలు కాస్తాయి, దగ్గు వదలదు.

ఆ పనిని పనిగా ఒప్పించుకోవడానికే ఏళ్లు పట్టింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే లెక్కపెట్టింది. గుర్తింపు కార్డులు, పీఎఫ్, 2015 నుంచి తెలంగాణలో బీడీ కార్మికుల పింఛన్, ఏదీ అడగకుండా వచ్చింది కాదు. సంఘాలు కార్ఖానాల ముందు కూర్చుంటే వచ్చాయి. ఇంట్లో చేసే పనికి చట్టం లేకపోతే ఆ పని ఇంటినే మింగేస్తుందని మన అవ్వలకు, అమ్మలకు బాగా తెలుసు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడ్డాక, కోరుట్లలో నాకు తెలిసిన ఒక ఇంట్లో ఈ రెండు తరాల పనీ ఒక్క గడప దగ్గర కలిసింది. ఆ ఇంటి బిడ్డ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగి. కంపెనీ ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చింది. ఇంట్లో బల్ల అంటూ ఉన్నది ఒక్కటే, తల్లి కుట్టుమిషన్ బల్ల. మిషన్ తలను లోపలికి దించి, మీద మూత వేసి, ఉతికిన దుప్పటి పరిచి దానిమీద ల్యాప్‌టాప్ పెట్టింది. కాళ్లు పెట్టుకుందామంటే కింద తొక్కుడు పలక ఊగుతుంటుంది, అందుకని దానికి ఒక ఇటుక అడ్డం పెట్టారు. తంబాకు వాసన బిడ్డకు పడదని తల్లి చాట తీసుకుని అరుగు మీదికి మారింది. పక్కింటి పిల్లలు గోల చేస్తే అక్కడినుంచే "బిడ్డ మీటింగుల ఉన్నది, సప్పుడు చెయ్యకుండ్రి" అని గదమాయించేది. వారానికి మూడు రోజులు తండ్రికి జగిత్యాలలో డయాలసిస్. ఆయనను బిడ్డే తీసుకుపోయేది. ఆయన మంచం మీద ఉన్నంతసేపు బయట బెంచీ మీద ఫోన్ హాట్‌స్పాట్‌తో పని చేసుకునేది. ఆ రెండున్నరేళ్లలో ఆమె పనికి ఎవరూ వంక పెట్టలేదు. జీతం కూడా పెరిగింది.

తర్వాత కంపెనీలు ఒక్కొక్కటే వెనక్కి పిలిచాయి. టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలంది. మిగతావి కొంచెం అటూ ఇటూగా అదే దారిన నడిచాయి. మన నిబంధనలు దీనికి మరీ అడ్డంగా ఉన్నాయని అనలేం. 2020 నవంబర్‌లో టెలికాం శాఖ ఇంటినుంచి పనికి ఉన్న చిక్కుముళ్లు చాలావరకు తీసేసింది. 2022 జూలైలో ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని కంపెనీలకు కూడా సగం మంది ఉద్యోగులను ఇంటినుంచి పని చేయించుకునే వెసులుబాటు ఇచ్చారు. వెసులుబాటు మాత్రం కంపెనీకే ఇచ్చారు, ఉద్యోగికి కాదు. కోరుట్ల బిడ్డ ఇప్పుడు గచ్చిబౌలి హాస్టల్‌లో నలుగురితో ఒక గదిలో ఉంటోంది. తండ్రిని ఆటోలో ఎక్కించి తీసుకుపోయే బాధ్యత పక్కింటివాళ్ల మీద పడింది.

ఈ ప్రాంతం మనుషులను పంపీ పంపీ అలసిపోయింది. నేతగాళ్లు భీవండికి, షోలాపూర్‌కు పోయారు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ పోయారు. కొందరు పెట్టెల్లో తిరిగొచ్చారు. ఇప్పుడు చదువుకున్నవాళ్లు మాదాపూర్ పోతున్నారు. బాసరలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, మంథని దిక్కు ఇంకొకటి ఉంది. పల్లె పిల్లలను ఇంజనీర్లను చేసి రాజీవ్ రహదారి బస్సు ఎక్కించడమే మన పనైపోయింది. కరీంనగర్‌లో మానేరు డ్యాం దగ్గర ఐటీ టవర్‌ను 2020 జూలై 21న ప్రారంభించారు. ఆదిలాబాద్ పట్టణంలో బీడీఎన్‌టీ ల్యాబ్స్ స్థానిక పిల్లలతోనే బయటి కంపెనీలకు పని చేసిపెడుతోంది. ఇవి మంచి పనులు, ఇంకా పెరగాలి. అయితే టవర్‌లోకి కంపెనీ దిగితే తప్ప కుర్చీ దొరకదు. హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం ఉండి, మెట్‌పల్లిలోనో బెల్లంపల్లిలోనో కూర్చుని చేస్తానంటున్న మనిషికి చోటెక్కడ?

ఇల్లే చోటు అంటారు. రెండు గదుల ఇంట్లో అందరికీ అది కుదరదు, అందులోనూ ఆడపిల్లకు. ఇంట్లో కూర్చున్న కోడలు ఖాళీగా ఉన్నట్టే లెక్క. తెర మీద ఇరవై మంది ఆమె మాట కోసం చూస్తుండగానే, వంటింట్లోంచి చాయ్ పెట్టమని కేక వస్తుంది. దీవుల బొమ్మలోని ఆ కాఫీ హోటల్ నాకు అందుకే విలువైనదిగా కనిపిస్తుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి పనిలో ఉన్నట్టు చూసే ప్రతివాళ్లకూ తెలుస్తుంది. కరీంనగర్‌లోనూ ఇప్పుడు చల్లటి గదుల కేఫులు వచ్చాయి. నాలుగు గంటలు కూర్చోవాలంటే మూడు కాఫీలు తాగాలి, రోజూ అంటే జీతం చాలదు.

పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవిలో, అట్లాంటిక్ ఒడ్డున, పోంటా డు సోల్ అని ఒక చిన్న ఊరుంది. 2021లో అక్కడ ల్యాప్‌టాప్ పనివాళ్లను పిలిచి ఒక పల్లెనే ఏర్పాటు చేశారు. పేరు ప్రపంచమంతా పాకింది. నిజానికి వాళ్లు మొదట చేసింది చాలా మామూలు పని. ఊళ్లో ఉన్న సాంస్కృతిక కేంద్రం భవనంలో బల్లలు, కుర్చీలు, ఇంటర్నెట్ పెట్టి ఉచితంగా కూర్చోమన్నారు. అలాంటి భవనం మనకు దాదాపు ప్రతి పట్టణంలో ఉంది. శాఖా గ్రంథాలయం. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. వసూలు చేసిన సెస్సును మున్సిపాలిటీలు జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చెయ్యవన్నది పాత మొరే. ఆ బకాయిలు కట్టించి, ప్రతి శాఖలో ఒక గది వేరు చేసి, పది ప్లగ్గులు, ఇన్వర్టర్, మంచి ఫైబర్ లైను, తలుపు వేసుకుని మాట్లాడుకునేందుకు ఒక చిన్న అర, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి పెట్టండి. గ్రూప్స్‌కు, డీఎస్సీకి టిఫిన్ డబ్బాలు తెచ్చుకుని పొద్దంతా చదివే పిల్లల చోటు మాత్రం ముట్టుకోవద్దు. వాళ్లకూ ఆ భవనం తప్ప దిక్కు లేదు.

ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేల సంగతి వేరు. ఉట్నూర్, నార్నూర్, కెరమెరి గుట్టల్లో బల్ల కన్నా ముందు సిగ్నల్ కావాలి. 2020లో ఆన్‌లైన్ పాఠాల కోసం పిల్లలు గుట్టలెక్కారు, చెట్లెక్కారు. 2022 జూలైలో కేంద్రం 24,680 గ్రామాలకు బీఎస్ఎన్ఎల్ 4జీ ఇస్తామని 26,316 కోట్లు మంజూరు చేసింది. గూడెం గూడేనికి లెక్క అడగాల్సిన డబ్బు అది. ఎంపీ గారు, ఎమ్మెల్యే గారు ఏ గుట్ట మీద టవర్ లేచింది, ఏది కరెంటు లేక మొద్దుగా నిలబడ్డది అన్న జాబితాను ఐటీడీఏ ఆఫీసు గోడకు అంటించాలి.

ఇక కంపెనీలను అడిగేది రెండే. నెలలో రెండు వారాలైనా సొంత జిల్లా నుంచి పని చేసుకునే హక్కును, ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ రోజులను నియామక పత్రంలోనే రాసివ్వాలి. మేనేజర్ దయకు వదలకూడదు. అమెరికావాళ్ల పగటికోసం రాత్రి పదింటికి పెట్టే కాల్‌ను పని గంటల్లో కలిపి లెక్కగట్టాలి. వెయ్యి బీడీల తర్వాత చుట్టిన ప్రతి కట్టకూ కూలి రాబట్టుకున్న ఆడవాళ్ల ఊళ్లివి. వాళ్ల బిడ్డలు గంటల లెక్క అడిగితే గొంతెమ్మ కోరిక అని ఎవరూ అనలేరు.