బిందెడు నీళ్ళు

‘నలుగురూ ఏమనుకుంటారు?’ ఊహ తెలిసీ తెలియకముందే మన ఇళ్ళలో పిల్లల చెవిన పడే ప్రశ్న ఇది. ఆ నలుగురూ ఎవరో ఎవరూ విడమరిచి చెప్పరు. చివరికి పాడె మొయ్యాల్సింది కూడా నలుగురే గనక వాళ్ళతో పేచీ మంచిది కాదన్న భయం మాత్రం ఒంట్లో ఇంకిపోతుంది. ఒకప్పటి వెలికి బలమంతా అక్కడే ఉండేది. వెలివేసినవాడి ఇంటికి పురోహితుడు రాడు, విస్తరి ముందు చుట్టం కూర్చోడు, చస్తే మోసేవాడు దొరకడు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదుర్కొన్నది ఈ నలుగురినే. అప్పటికి ఏడేళ్ళుగా ‘వివేకవర్ధని’ పత్రిక నడుపుతున్నారు. రెండేళ్ళ కిందటే ఆ విషయం మీద ఊళ్ళో ఉపన్యసించారు కూడా. మాటల మీద ఊరు మండిపడింది, వాదించింది, అయినా సహించింది. మాట పెళ్ళిపందిరి అయ్యేసరికి సహించలేకపోయింది. శిష్యులు కాపలా కాశారు, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు డబ్బిచ్చి ఆదుకున్నారు, పెళ్ళి జరిగింది. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది. వెలి భయానికి పెళ్ళికి వచ్చినవాళ్ళలోనే కొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని వెనక్కి తగ్గారు. పంతులుగారి ఇంట వంటవాళ్ళు మానేశారు. నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు బిందె పట్టుకుని గోదావరికి వెళ్ళి తానే నీళ్ళు మోసుకొచ్చారు. ఇంటికి చేరిన బాలవితంతువులకు తానే వండిపెట్టారు.

అదే కాలంలో పుణేలో మరొక పెద్దమనిషి ఉన్నారు, మహాదేవ గోవింద రానడే. చదువులోనూ ఆలోచనలోనూ ఆయనకు సాటి వచ్చేవారు దేశంలో కొద్దిమందే. వితంతు వివాహాల సమాజంలో ముందు నిలిచినవాడు. 1873లో ఆయన భార్య పోయింది. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఒకటి. ఇన్నాళ్ళూ చెప్పిన మాటను తన ఇంట్లో నిలబెట్టే అవకాశం వచ్చింది. కొడుకు ఎక్కడ వితంతువును చేసుకుంటాడోనన్న భయంతో తండ్రి తొందరపడ్డాడు. రానడే తలవంచి పదకొండేళ్ళ రమాబాయిని పెళ్ళాడారు. 1890లో మళ్ళీ ఇలాంటిదే జరిగింది. పంచ్‌ హౌద్‌ క్రైస్తవ మిషన్‌లో టీ తాగినవాళ్ళ పేర్లు పత్రికకెక్కాయి. రానడే పేరూ, తిలక్‌ పేరూ అందులో ఉన్నాయి. పుణే సనాతనులు రచ్చ చేశారు. విచారణ దాకా వెళ్ళిన ఆ గొడవలో చివరికి రానడే ప్రాయశ్చిత్తానికి ఒప్పుకున్నారు. తనకేమో అవుతుందని కాదు, స్నేహితుల కుటుంబాలు పడుతున్న అవస్థ చూడలేక.

రానడేను పిరికివాడనడం తేలిక, అన్యాయం కూడా. సాంఘిక మహాసభను ఏళ్ళతరబడి నడిపిన మనిషి ఆయన. పదకొండేళ్ళ భార్యకు ఇంట్లో ఆడవాళ్ళు సణుగుతున్నా చదువు చెప్పారు. ఆ అమ్మాయే తర్వాత పుణేలో సేవాసదన్‌కు పెద్దదిక్కయింది. రెండుసార్లూ ఆయన్ని లొంగదీసింది వీధిలో కేకలేసే గుంపు కాదు. ఒకసారి కన్నతండ్రి, మరోసారి ఆప్తమిత్రులు. లోకం ఒత్తిడి వీధి గుమ్మం దగ్గర ఆగిపోదు. మనం ప్రేమించేవాళ్ళ గొంతు అరువు తెచ్చుకుని వంటింటి దాకా వస్తుంది. గుంపును ధిక్కరించగలిగిన గుండెలు అక్కడ కరుగుతాయి. ఆ కరుగుదలలో మంచితనమూ ఉంది. చిక్కల్లా అదే.

మరి తేడా ఎక్కడుంది? ఖరీదు ఎవరు చెల్లించారన్న దగ్గర ఉంది. రానడే లొంగినందుకు ఆయనకు పోయింది కొంత పరువే. ఆయన మాట నమ్మి ఎదురుచూసిన వితంతువులకు పోయింది దారి. అంతటివాడే చెయ్యలేకపోయాడు, మనమెంత అని తప్పుకోవడానికి మిగతావాళ్ళకు సాకు దొరికింది. రాజమండ్రిలో నిలబడిన ఖరీదు మాత్రం నిలబడినవాళ్ళ ఇంటిమీదే పడింది. అందులో పెద్ద వాటా ఉపన్యాసం ఇవ్వని మనిషి భుజాన పడిందన్నది కూడా మనం దాచకూడదు. మొండితనానికీ నిబ్బరానికీ మధ్య గీత కూడా ఇక్కడే దొరుకుతుంది. మొండివాడు తన మాట నెగ్గడానికి ఇతరుల్ని బలిపెడతాడు. నిబ్బరం గలవాడు ముందు తన గడప తడుముకుంటాడు.

ఇప్పుడు వెలి పీఠాధిపతుల శ్రీముఖంగా రాదు. ఫోన్‌ తెరమీద తిట్ల వానగా వస్తుంది, ఓట్ల లెక్కగా వస్తుంది. కులం పేరిట పిల్లల్ని నరికి చంపినప్పుడు, పుస్తకాన్ని తగలబెట్టినప్పుడు మన నాయకులు నాలుగు గోడల మధ్య చెప్పేది ఒకటే మాట: ‘మీరన్నది నిజమే గానీ, ఇది సమయం కాదండీ.’ గిరీశం లాంటి కబుర్లరాయుడిని గుర్తుపట్టడం సులువు, గురజాడ మనకు ఆ కన్ను ఇచ్చి పోయారు. నిజం తెలిసి, నమ్మి, చివరి నిమిషంలో ‘సమయం కాదు’ అనే పెద్దమనిషిని గుర్తుపట్టడమే కష్టం. ఆయన మనలాగే ఉంటాడు. పత్రికలవాళ్ళమూ దీనికి అతీతులం కాదు. చందాదారులు నొచ్చుకుంటారని సొరుగులో పెట్టి మరిచిపోయిన రచన ఒక్కటైనా లేని సంపాదకుడు ఉంటే ఆయనకు నమస్కారం. ఈ రాస్తున్న చేతికి ఆ గౌరవం లేదు.

రాజమండ్రి వెళ్తే వీరేశలింగం గారి ఇల్లు చూస్తాం, విగ్రహానికి దండ వేస్తాం. ఈసారి అక్కణ్ణించి గోదావరి రేవు దాకా నడిచి చూడండి, ఖాళీ చేతులతోనైనా సరే. తిరిగి వచ్చేటప్పుడు నిండు బిందె ఎంత బరువుంటుందో, దారి పొడవునా అరుగుల మీంచి నలుగురూ ఎలా చూసి ఉంటారో ఊహించండి. అలా ఒక్కనాడు కాదు, రోజూ.